కాలువలకు ముందటి నేల

బెజవాడ నుండి కృష్ణ ఎడమగట్టు కరకట్ట వెంబడి దిగువకు సాగి తోట్లవల్లూరు చేరు బాటసారికి, కుడిచేతి వైపున కట్టకును ఏటికిని నడుమ, వరద తెచ్చి పోసిన ఒండ్రుమట్టిపై పసుపు, కంద, అరటి, కాయగూరలు పెరుగు లంకభూములును, ఎడమచేతి వైపున కాలువనీటిని నమ్ముకొని వరియు చెరకును పండు మాగాణములును కానవచ్చును. ఒక వైపు సేద్యము నది దయ; రెండవ వైపు సేద్యము ఇంజనీర్ల లెక్క. ఈ రెండును ఆచంద్రార్కముగా ఇట్లే యున్నవని చూపరి తలంచుట సహజమే గాని, ఎడమ వైపు మాగాణములకు మూలమైన బెజవాడ ఆనకట్ట పూర్తియైనది 1855లో; అనగా, అన్నపూర్ణ యని మనము కీర్తించు ఈ సీమకు నేటి రూపు వచ్చి ఇంకను రెండువందల యేండ్లు నిండలేదు. అంతకు పూర్వము ఈ నేలపై ఏమి పండెను, ఎంత నేలను పశువుల మేతకు విడిచియుండిరి, ఎంత నేల అసలు నేలయే కాక ఉప్పుటేరుల పాలై యుండెను అను ప్రశ్నలకు సమాధానము వెదకు శాస్త్రమొకటి ఇటీవలి కాలమున బలపడినది. దానిని గూర్చియు, మన తోట్లవల్లూరు సీమ దానికి పెట్టు పరీక్షను గూర్చియు ఇందు చెప్పదలచితిని.

వెనుకటివారు భూమిని ఎట్లు వాడుకొనిరను ఈ విచారణకు ప్రేరణ, కొంత విచిత్రముగ, వాతావరణ శాస్త్రజ్ఞుల నుండి వచ్చినది. అడవి నరికి చేను చేసినచో చెట్టులోని కర్బనము గాలిలో కలియును; చేలో నీరు నిలిపి వరి నాటినచో బురదలోని సూక్ష్మజీవుల వలన మీథేను వాయువు వెలువడును; ఈ రెండును భూమిని వెచ్చజేయునవే. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం రడ్డిమన్ 2003లో ఒక సాహసోక్తి చేసెను: మానవుడు వాతావరణమును మార్చుట ఆవిరియంత్రము నాడు మొదలు కాలేదనియు, సుమారు 8 వేల యేండ్ల క్రిందట అడవులను నరుకుటతోను, 5 వేల యేండ్ల క్రిందట ఆసియాలో వరిమడులు విస్తరించుటతోను మొదలైనదనియు ఆయన వాదము. ఈ వాదమును ఒప్పుకొనువారును కలరు, ఖండించువారును కలరు. కాని ఒప్పుటకైనను ఖండించుటకైనను ఏ కాలమున ఎంత నేల సాగులో నుండెనో తెలుపు నమ్మదగిన లెక్క ఒకటి చేతిలో నుండవలెను.

అట్టి లెక్కలు లేకపోలేదు. నెదర్లాండ్సులో తయారైన 'హైడ్' అను గణాంక సంపుటము వేలయేండ్ల వెనుకటి సాగుభూమిని గళ్లు గళ్లుగా చూపును. వాతావరణ నమూనాలు కట్టువారు దానిని విరివిగా వాడుదురు. అయితే అది ప్రధానముగ నాటి జనసంఖ్యను ఊహించి, తలకు ఇంత భూమి యని కట్టి, వెనుకకు నడిచిన లెక్క. మనుమల కమతములను చూచి ముత్తాత ఆస్తిని నిర్ణయించుట వంటిది ఇది. ఒకచోట సరిపోవచ్చును, మరియొకచోట ముత్తాతకు సెంటు భూమియు లేకపోవచ్చును. ఈ లోపమును సవరింపవలెనన్న త్రవ్వకములలో దొరకిన ధాన్యపు గింజలను, బురదలో నిలిచిన పుప్పొడిని, శాసనములను, దఫ్తరములను ఎరిగినవారే పూనుకొనవలెనని తలచి 'పేజెస్' అను అంతర్జాతీయ సంస్థ ఆశ్రయమున 'లాండ్ కవర్ 6కె' అను పథకము గత దశాబ్దమున ఆరంభమైనది. 6కె యనగా 6 వేల యేండ్లు. అందలి భూవినియోగ విభాగమునకు ప్రముఖ సారథి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు కాథ్లీన్ మారిసన్. విజయనగర ప్రాంతపు చెరువులను, చేలను ఏండ్ల తరబడి పరిశీలించిన విదుషి యగుటచే ఆమెకు మన దక్షిణాపథపు మట్టి కొత్తది గాదు.

ఇట్టి పథకములకు కాలుచేతులు పోస్ట్ డాక్టరల్ పరిశోధకులు. డాక్టరేటు పట్టము పుచ్చుకొని, ఆచార్య పదవిలో కుదురుకొనుటకు ముందు, రెండు మూడేండ్లపాటు ఒక పథకమున వేతనముపై పని చేయు యువవిద్వాంసులు వీరు. గ్రంథపు అట్టపై పెద్దల పేర్లుండును. పటములోని ఒక్కొక్క గడిని నింపుటకు పాత త్రవ్వకముల నివేదికలను దుమ్ము దులిపి చదువువారు మాత్రము వీరే. 2021లో మారిసన్ బృందము ప్రకటించిన పద్ధతి ననుసరించి భూమిని పొడవును వెడల్పును 8 కిలోమీటర్లు గల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క కాలమున జనులు వేటాడిరో, పశువులను మేపిరో, పైరు వేసిరో, నీరు పారించిరో, ఊళ్లు కట్టిరో నిర్ణయింపవలెను. అంతకు పూర్వమే, 2019లో, 250 మందికి పైబడిన పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయములను సేకరించి, భూమండలమును 146 ప్రాంతములుగా పంచి, 3 వేల యేండ్ల క్రిందటికే వేటగాండ్రును, రైతులును, పశుపాలకులును భూగోళమును చాలవరకు మార్చివేసియుండిరని 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసము వెలువడినది.

ఇక అట్టి గడి యొకటి తోట్లవల్లూరుపై పడినదనుకొందము. 6 వేల యేండ్ల నాటి పటమున దాని నెట్లు పూరింపవలెను? బందరు, దివిసీమల మాట తేలిక, నాడచట సముద్రమే. కృష్ణ తెచ్చిన ఒండ్రు తీరమును క్రమముగ తూర్పునకును దక్షిణమునకును నెట్టినది. ఆ కదలిక అడుగుజాడలుగ పూర్వపు తీరముల ఇసుకదిబ్బలు నేటి తీరమునకు ఎన్నో మైళ్ల లోపల వరుసలు తీరి యున్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళ శాస్త్రజ్ఞుడు కాకాని నాగేశ్వరరావు మొదలైనవారు గొట్టములు దింపి తీసిన మట్టితోను, ఉపగ్రహ చిత్రములతోను ఈ పెరుగుదల చరిత్రను కట్టిరి. కొల్లేరు సైతము కృష్ణా గోదావరుల డెల్టాలు ఇరువైపుల నుండి పెరుగగా నడుమ చిక్కువడిన పల్లమే. ఆ తరువాతి కాలమున ఎగువ మెట్టసీమలలో మాత్రము మనుష్యులు మందలను కాచుచుండిరి. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ త్రవ్వించిన బూడిదదిబ్బ, ఆ నవీన శిలాయుగపు గోపాలకులు దొడ్డిలో పేరిన పేడను మరల మరల కాల్చగా ఏర్పడినదని తేలినది. వారి పైర్లు కొర్ర జాతి చిరుధాన్యములు, ఉలవలు, పెసలు. దక్షిణాదిని వరి ఆలస్యముగ వచ్చిన అతిథి. అన్నమే ఆదినుండి మన ఆహారమని నమ్మువారికి ఈ మాట రుచింపకపోవచ్చును.

రెండువేల యేండ్ల నాటికి పటము మారినది. దివిసీమ అంచున నున్న ఘంటసాల నాడు పేరుమోసిన రేవు. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ మైసోలియా సీమలో దానిని పేర్కొనెను. నాగార్జునకొండ శాసనమునను కంటకసేల పేరు వచ్చినది. 1892లో అలెగ్జాండర్ రే అచటి బౌద్ధస్తూపమును పరిశోధించెను. నేడా గ్రామము సముద్రమునకు దూరముగ, వరిచేల నడుమ నున్నది. గుడివాడ దిబ్బ, భట్టిప్రోలు స్తూపము మొదలైనవి చూడ, ఆనాడు ఈ డెల్టాలో భిక్షువులను పోషింపగలిగినంత మిగులు పంట యుండెనని చెప్పవచ్చును. ఏ పంట? స్తూపపు ఇటుకలు చెప్పవు. తరువాతి రాగిరేకులు కొంత చెప్పును.

బృహత్పలాయన జయవర్మ కూదూర నుండి ఇచ్చిన కొండముది రేకుల నుండి వేంగి చాళుక్యుల గుద్రవార విషయపు దానముల వరకు, ఈ సీమలో భూమి చేతులు మారిన వృత్తాంతము రాగిపై నిలిచియున్నది. చరిత్రకారులు చిరకాలము ఈ రేకులలో రాజుల పేర్లనే వెదకిరి; భూవినియోగమును వెదకువానికి రాజప్రశస్తి ముగిసిన పిదప అసలు కథ మొదలగును. ఎల్లలు చెప్పుచు వ్రాయసకాడు చెరువును, పుట్టను, చింతచెట్టును, దారిని, పొరుగూరి పొలిమేరను పేర్కొనుచు పోవును. ఆ జాబితా నాటి నేల తీరునకు అప్రయత్నముగ చిక్కిన సాక్ష్యము. కొన్ని చాళుక్య శాసనములలో పొలమును ఎకరములతో గాక, అందు చల్లుటకు పట్టు విత్తనముతో, అదియు కోద్రవబీజముతో, అనగా అరికల గింజలతో కొలిచిరి. భూమికి కొలమానముగా అరికెను గ్రహించిన సమాజమున అరికలు ఎంత సామాన్యమైన పైరై యుండవలెను! వరియే లోకమై యున్నచో ఆ లేఖకునకు వడ్లు తోచియుండెడివి.

కాకతీయ యుగమునకు వచ్చుసరికి శాసనములు వందల సంఖ్యలో లభించును. సింథియా టాల్బట్ అను అమెరికను చరిత్రకారిణి వానిని పటముపై పేర్చి, చెరువుల త్రవ్వకముతో సేద్యము తెలంగాణపు మెట్టలలోనికి ఎట్లు ప్రాకినదో 2001లో ప్రకటించిన గ్రంథమున చూపెను. విజయనగరమును గూర్చి మారిసన్ చెప్పినదియు ఈ సందర్భమున స్మరింపదగినది: పెద్ద కాలువ క్రింది వరిమడి, దాని ప్రక్కనే చెరువు క్రింది ఆరుతడి పైరు, ఆ ప్రక్కనే వానను నమ్మిన జొన్నచేను, వానికావల మందల బీడు ఒకే కాలమున కలిసి యుండెను, ఒక చెరువు త్రవ్వుచుండగనే మరియొకటి పూడిపోవుచుండెను. సేద్యము బీడు నుండి మెట్టకును, మెట్ట నుండి మాగాణికిని మెట్లు మెట్లుగ ఎక్కినదను మన పాఠ్యపుస్తకముల కథ అచట నిలువదు. ఇచటను నిలువదనియే నా తలంపు.

బందరు రేవు వెలిగిన దినములలో నేల కడుపు నింపుటకే గాక బట్ట కట్టుటకును, అద్దకమునకును పని చేసెను. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్నమున కొట్లు పెట్టినది ఇచటి అద్దకపు వస్త్రముల కొరకు. ఆ ఎరుపు రంగు చిరివేరు నుండి వచ్చినది. తీరపు ఇసుకనేలలలో పెరుగు ఆ చిన్న మొక్క వేరును ఎండించి రంగు దీయుచుండిరి. వరికి పనికిరాని ఇసుకపఱ్ఱ ఆ వేరు వలన విలువైన సాగుభూమి యైనది. ప్రపంచ పటములో 'సాగు' అను ఒక్క రంగు పులిమినచో ఇట్టి భేదమంతయు అడుగంటును.

ఆనకట్టకు ముందటి తరమును గూర్చి మాత్రము మనకు విస్పష్టమైన సాక్ష్యములు కలవు. వాన పడినచో జొన్న, వరిగ, ఉలవ, ఆముదము, పత్తి. చెరువు నిండినచోట, నదిపాయలు పొంగి పల్లము తడిసినచోట వరి. తక్కినది పశువుల బీడు. అది కరవును తప్పించుకొన నేర్చిన సేద్యమే గాని, వరుసగ వానలు తప్పినచో దానికిని దిక్కులేదు. 1832లో మొదలై 1833లో ముదిరిన నందన కరవు, జనులు డొక్కల కరవని పిలిచినది, ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 2 లక్షల ప్రాణములను గొనెనని నాటి లెక్క. ఆ స్మృతి వెంటాడగా ఆర్థర్ కాటన్ ప్రోద్బలమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో మొదలిడి 1855లో ఆనకట్టను ముగించిరి. పిదప కాలువలు వచ్చెను, బీడు కరగెను, జొన్న మెరకలకు తొలగెను, వరి పల్లమునంతయు నాక్రమించెను. 1952లో ఆ కట్ట తెగగా, దానికి బదులు 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. నేడు కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరములు. మీథేను లెక్కలు వేయువారికి ఈ చరిత్ర ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు: ఇచటి నీటిమడుల విస్తీర్ణమున పెద్ద భాగము పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పుట్టినది. నేటి డెల్టాను చూచి వేయేండ్ల వెనుకకు వరిని నడిపించినచో లెక్క తలక్రిందులగును.

ఉప్పెనలను మరువరాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై వచ్చి పడిన సముద్రము సుమారు 30 వేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ అట్లే మునిగినది. ఉప్పునీరు నిలిచిన పొలము చవుడెక్కును, చెరువునీరు త్రాగుటకు పనికిరాదు. తీరగ్రామములలో ఒక ఏటి సాగును మరుసటి ఏటికి ప్రమాణముగ గైకొనుటకు వీలులేదు.

వల్లూరు దగ్గర పరిశోధకునకు మరియొక చిక్కు ఎదురగును. ఇది నాడు జమీందారీ. 1802 నాటి శాశ్వత పరిష్కారమున జమీందారు చెల్లింపవలసిన పేష్కషు ఖాయమైన పిదప, ఏ చేలో ఏ పైరు వేసిరో ప్రభుత్వమునకు ఎరుగ నవసరము లేకపోయెను. ఆ లెక్కలన్నియు జమీందారులైన బొమ్మదేవర వారి ఎస్టేటు కచేరీలోనే యుండెను. రైత్వారీ గ్రామమునకు సర్కారు సర్వే పటములు, సెటిల్మెంటు రిజిస్టర్లు దొరకును. జమీ గ్రామమునకు అవి 1948 నాటి ఎస్టేట్ల రద్దు శాసనము తరువాత గాని సమగ్రముగ ఏర్పడలేదు. కావున వల్లూరు పటమున 19వ శతాబ్దపు గడి ఖాళీగా కనిపించినచో, అచట సేద్యము లేదని గాదు, కాగితము వేరొక ఇంట నున్నదని భావింపవలెను. దొరతనపు దఫ్తరములనే నమ్మిన పటములలో జమీందారీ సీమలు వెలవెలబోవుటకు కారణమిదే యని నాకు తోచును.

ఆ కాగితముల విలువ తెలియవలెనన్న అడంగలు పుట ఒకదానిని విప్పి చూడవలెను. ఎడమ అంచున సర్వే నంబరు, దాని ప్రక్క విస్తీర్ణము, తరము, శిస్తు, నీటి ఆధారము, సాగుదారు పేరు, చివరకు ఆ ఫసలీలో వేసిన పైరు. ఫసలీకి 590 కలిపినచో జూలైలో మొదలగు ఆ రెవెన్యూ సంవత్సరపు క్రీస్తుశకము తెలియును. కరణము గట్టు వెంట నడచి, చూచినది వ్రాసికొనినచో ప్రతి కమతమునకు ఏటేటి చరిత్ర చిక్కినట్లే. ఇంట కూర్చుండి పోయిన ఏటి లెక్కనే దింపినచో అదియు పట్టుబడును, ఏలనన వరుసగ పదేండ్లు ఒకే సెంటున ఒకే కూరగాయ పండదు. వీనికి పూర్వపు పొర కైఫీయత్తులు. కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య సోదరుల సహాయముతో ఊరూర సేకరించిన ఆ గ్రామచరిత్రలలో చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరికి ముట్టెను, ఊరు ఎప్పుడు పాడుబడి ఎప్పుడు మరల నిలిచెను అను వివరములు దొరకును. సమీపమున నున్న కూచిపూడిని గోలకొండ తానీషా భాగవతులకు అగ్రహారముగ నిచ్చెనను ప్రతీతి వంటివియు అట్టి గ్రామస్మృతులలోనివే. నమ్ముటకు ముందు వానిని ఇతర సాక్ష్యములతో సరిచూచుకొనవలెను.

కాగితము లేనిచోట మట్టిని చదువవలెను. లంక అంచును నది కోసినచోట నిలువుగ తెగిన గట్టున పైని అరటివేళ్లు అల్లుకొన్న నల్లనిమట్టి, దాని క్రింద ఒక వరద దించిపోయిన లేతబూడిద వన్నె మెత్తని ఒండ్రు, దాని క్రింద ముతక ఇసుక, ఆ క్రింద మరల నల్లని పొర, అందు బొగ్గుతునక, కుండపెంకు కానవచ్చును. ఆ బొగ్గు వయస్సును రేడియోకార్బనుతోను, ఆ ఇసుకరేణువు కడసారి సూర్యరశ్మిని చూచిన కాలమును మరియొక పద్ధతితోను గణింపవచ్చును. పిడికెడు మట్టిని నీటి తొట్టిలో కలిపినచో కాలిన గింజలు పైకి తేలును. వరి ఆకులో పెరుగు సూక్ష్మమైన సిలికా కణములు ఆకు కుళ్లినను మట్టిలో నిలుచును. వానితో తుంగ కణములు మెండుగ నున్నచో నీరు నిలిచిన మడి యనియు, మెట్టగడ్డి కణములున్నచో వానపైరు అనియు పోల్చవచ్చును. చెప్పుటకు సులువే గాని లంక కపటి. 2009 అక్టోబరున సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద, 2024 సెప్టెంబరున 11.43 లక్షల క్యూసెక్కుల వరద బ్యారేజి దాటి వచ్చి ఈ మండలపు లంకలను ముంచినవి. అట్టి వరద ఎగువ ఊరి పెంకును తెచ్చి దిగువ లంకలో పూడ్చిపోవును, నిన్నటి లంకను కోసి రేపటి మేటగ వేయును. పైపొరలోనిది ఎల్లప్పుడును క్రొత్తది గాదు.

అందుచేతనే 8 కిలోమీటర్ల గడిని వల్లూరుపై పరచి, అందొక రంగు నింపుమనినచో ఈ నేల నెరిగినవాడు జంకును. ఆ గడిలో నది యున్నది, ఏటేట స్థలము మార్చు లంక యున్నది, కట్ట యున్నది, కాలువ క్రింది మాగాణి యున్నది. ప్రపంచపటము గీయువారికి ఇంత సూక్ష్మము పనికిరాదని వారి సమాధానము. అందు న్యాయము లేకపోలేదు, భూగోళమునంతను సెంట్లలో కొలువ నెవరితరము? కాని డెల్టాలవంటి చోట్లనే జనము కిక్కిరిసి యుండును, ఇచటనే మీథేను పుట్టును, ఇచటనే తప్పు పెద్దదగును. కావున డెల్టాలకు వేరొక కొలత కావలెననియు, అందు బెజవాడకు దిగువనున్న ఈ సీమకు కనీసము ఆనకట్టకు ముందొకటి, వెనుకొకటిగ రెండు పటములైనను ఉండవలెననియు నేను గట్టిగ అందును.

ఆ ముందటి పటమునకు వలయు సామగ్రిలో చాల భాగము ఇంకను ఇండ్లలోనే యున్నది. 1984లో కరణీకములు రద్దయిన పిదప కొన్ని కవిలెలు తాలూకా కచేరీలకు చేరినవి, కొన్ని అటకలపైనే చెదలకు విందైనవి. తోట్లవల్లూరు, ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల పాఠకులకు ఒక్క మనవి: మీ తాతల నాటి అడంగళ్లు, శిస్తు రసీదులు, ఎస్టేటు కౌలునామాలు, లంక వేలంపాటల కాగితములు మీ యింట నున్నచో వానిని పాతకాగితముల వానికి తూకమునకు వేయకుడు. ఊరి పేరును, ఫసలీని గుర్తుపెట్టి, ముందుగ ఫోనుతో పుట పుటకు ఛాయాచిత్రము తీసి, అసలు ప్రతులను బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయమునకు గాని రాష్ట్ర పురాభిలేఖ శాఖకు గాని చూపుడు.